పదకొండు రూపాయల పింఛను – ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జీవితము

(చదువవలసిన వాక్యభాగములు: 1 సమూయేలు 22:1–2, ద్వితీయోపదేశకాండము 21:22–23)

మన చాపాడు పొలముల ప్రక్కగా పారు కుందూనది కోయిలకుంట్ల దిక్కునుండి దిగివచ్చి, కమలాపురము దగ్గర పెన్నలో కలియుచున్నది. ఆ ఎగువ నేలను మన పెద్దలు రేనాడు అందురు. నల్లరేగడి భూమి. వాన పడినయెడల కాలు దిగబడును, పడనియెడల నెఱ్ఱెలు విచ్చును. ఆ నేలలో పుట్టి, 1847వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీని కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు ఇప్పుడు పిల్లల నోట సయితము వినబడుచున్నది. 2019లో ఆయన కథను సినిమాగా తీసిరి. 2021లో కర్నూలు దగ్గర ఓర్వకల్లులో కట్టిన విమానాశ్రయమునకు ఆయన పేరే పెట్టిరి. సినిమా చూచినవారికి యుద్ధము జ్ఞాపకముండును. నేను ఎక్కువగా చెప్పదలచినది యుద్ధమునకు ముందరి సంగతియు, యుద్ధము తీరిన తరువాతి సంగతియు.

ఆయన పరాయి జిల్లావాడని తలంచవద్దు. కోయిలకుంట్ల తాలూకా, కంభము తాలూకా 1858వరకు కడప జిల్లాలోనివే. ఆ యేట కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు వాటిని ఇక్కడినుండి తీసి అక్కడ చేర్చిరి. ఉయ్యాలవాడయు, కోయిలకుంట్లయు 2022నుండి నంద్యాల జిల్లాలో ఉన్నవి. అయితే తిరుగుబాటు జరిగిన 1846లో కాగితములన్నియు కడప కలెక్టరు కచేరీకే వచ్చెను, ఉత్తరువులన్నియు అక్కడనుండియే పోయెను. కాబట్టి ఇది మన జిల్లా కథ.

ముందుగా పాళెగాడు అనగా ఎవరో తెలిసికొనవలెను. 1565లో తళ్ళికోట యుద్ధముతో విజయనగరము కూలిన తరువాత మన ప్రాంతమునకు స్థిరమైన ప్రభువు లేకపోయెను. గోలకొండ సుల్తానులు వచ్చిరి. తరువాత కడప నవాబులు ఏలిరి. 1779లో మైసూరు హైదరాలీ కడప నవాబును ఓడించి ఈ దేశము పట్టుకొనెను. 1792లో అతని కుమారుడు టిప్పు ఓడిపోగా ఇది నిజాము చేతికి వచ్చెను. 1800లో నిజాము తన రక్షణకై పెట్టుకొన్న ఆంగ్ల సైన్యపు ఖర్చునకు బదులుగా దీనిని ఈస్టిండియా కుంఫిణీకి వ్రాసి యిచ్చెను. అందువలననే వీటికి దత్తమండలములను పేరు వచ్చినది. ఇంతమంది ప్రభువులు మారుచుండగా ఊళ్ళను కనిపెట్టుకొని యున్నవారు పాళెగాండ్రు. వారికి కొండకోటలుండెను. వారి క్రింద కట్టుబడి బంట్లుండిరి. ఈ బంట్లకు జీతము రొక్కముగా ఇవ్వరు. కొంచెము భూమి ఇనాముగా ఇత్తురు. దానిమీద స్వల్పమైన శిస్తు మాత్రము కట్టి, ఊరి కావలి కాచి, దారులు కాపాడి, దొంగలను పట్టి, పిలిచినప్పుడు బల్లెము తీసికొని రావలెను. బోయలు, వడ్డెలు, యానాదులు, చెంచులు మొదలగు కులములవారికి ఈ చిన్న భూములే ఆధారము.

పాళెగాండ్రు ధర్మాత్ములని నేను చెప్పను. తమలో తాము పోరాడుకొని ఊళ్ళు తగులబెట్టినవారు వారిలో ఉన్నారు. రైతు పైదొర కొక శిస్తు, పాళెగానికి ఒక రుసుము ఇచ్చుకొనవలసి వచ్చెను. మాలపల్లె, మాదిగపల్లె ప్రజలకు ఏ దొర వచ్చినను వెట్టి వెట్టియే. మన సంఘములలో అనేకుల పితరులు ఆ వెట్టి చేసినవారే గనుక, పాత దినములన్నియు బంగారు దినములని పాడుట మనకు తగదు. అయినను ఆ కట్టుబాటులో ఒక సంగతి గలదు. బంటుకు పని పోయినను భూమి పోదు, భూమి పోనంతకాలము ఇంట పొయ్యి వెలుగును.

1800లో కుంఫిణీవారు థామస్ మన్రో అను స్కాట్లండు దేశస్థుని దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా పంపిరి. అప్పుడు ఇక్కడ 80మంది పాళెగాండ్రు, వారివద్ద సుమారు 30,000 మంది ఆయుధపాణులు ఉండిరని ఆ కాలపు లెక్క. మన్రో వారిని ఒక్కొక్కరినే లోబరచెను. ఎదిరించినవారిని సైన్యముతో వెళ్లగొట్టెను, లొంగినవారికి పింఛను ఏర్పాటు చేసెను, కోటలు పాడుపెట్టించెను. ఇంత తొందరపాటు ఏలనని లండనులోని కుంఫిణీ పెద్దలే ఆయనమీద అసంతోషపడిరి. ఆయన శిస్తు విషయములో ఊరి పెద్దను మధ్యన పెట్టక, ప్రతి రైతుకు పట్టా ఇచ్చి, ప్రతి యేడు జమాబందీ చేసి, రొక్కముగా వసూలు చేయు పద్ధతి తెచ్చెను. దానినే రైత్వారీ అనిరి. వేసిన శిస్తు ఎక్కువగా నున్నదని గ్రహించి, 1807లో స్వదేశమునకు పోవునప్పుడు నాలుగింట ఒక వంతు తగ్గించుమని ఆయనే సిఫారసు చేసెను. పైవారు వినలేదు. తరువాత ఆయన మద్రాసు గవర్నరై వచ్చి, 1827లో పత్తికొండ దగ్గర వాంతిభేది తగిలి చనిపోయెను. మన జిల్లా ప్రజలు ఆయనను మరువలేదు. గండి క్షేత్రములో ఆయనకు బంగారు తోరణము కనబడెనని నేటికిని కథ చెప్పుకొందురు. మంచి కలెక్టరే. అయితే మంచి కలెక్టరు పెట్టిన ఏర్పాటు, ఆయన పోయిన తరువాత కఠినుల చేతిలో ఏమగునో చూడుడి.

మన్రో ఇచ్చిన పింఛనులు మొదట గౌరవముగానే ఉండెను. కోట పోయినను నెలనెల కొంత సొమ్ము వచ్చుచుండెను. అయితే తండ్రి చనిపోగా కుమారులకు భాగములుగా విడిపోవును. వారసుడు లేని యింట పింఛను దొరతనమువారు తమలో కలుపుకొందురు. ఈ విధముగా ఒక తరము, రెండు తరములు గడచువేళకు, తాత కోటలో కూర్చుండి తీర్పు తీర్చిన చోట మనుమడు తహశీలు కచేరీ అరుగుమీద కూర్చుండి పింఛనుకై కనిపెట్టవలసి వచ్చెను.

ఆ మనుమలలో ఒకడు నరసింహారెడ్డి. తండ్రి పెదమల్లారెడ్డి, తల్లి సీతమ్మ. పుట్టినది రూపనగుడి గ్రామము. నొస్సము పాళెమునకు చివర బలముతో ఏలిన జయరామిరెడ్డికి ఇతడు మనుమడు. నొస్సము మన జమ్మలమడుగునకు ఉత్తరమున ఉన్నది. నరసింహారెడ్డికి వచ్చిన పింఛను నెలకు 11 రూపాయల చిల్లర. జయరామిరెడ్డి వంశమునకు వచ్చుచున్న పింఛను వారసులు లేరని రద్దయినప్పుడు, మనుమడనైన నాకు దానిలో కొంత భాగమైనను రావలెనని ఇతడు అడిగెను. దొరతనమువారు ఒక పైసయు ఇవ్వమనిరి.

ఇది ఎంతపాటి సొమ్ము? కుంఫిణీవారి ఖజానాలో అది లెక్కకు వచ్చునది కాదు. మద్రాసు కచేరీలో ఆ నిరాకరణ వ్రాసిన గుమాస్తాకు మరునాడు అది జ్ఞాపకమైనను ఉండియుండదు. ఇచ్చినందున వారికి నష్టము లేదు, ఇవ్వనందున లాభము లేదు. అయినను ఇవ్వలేదు. నాబోతు ద్రాక్షతోట సంగతి మీరెరుగుదురు. అహాబునకు కావలసినది కూరతోటకు కొంచెము నేల మాత్రమే, నాబోతునకు అది పితరుల స్వాస్థ్యము. ఒకే నేలకు రెండు వెలలు. మన ఊళ్ళలో గట్టు తగాదాలు కోర్టువరకు పోవుటకు కూడ ఇదే కారణమని వేరుగ చెప్పనక్కరలేదు.

నరసింహారెడ్డి ఒక్కడే అయినచో ఆ కోపము అతని ఇంటిలోనే చల్లారియుండును. సరిగా ఆ దినములలోనే మరియొక మాట పుట్టెను. కట్టుబడి బంట్ల ఇనాము భూములను దొరతనమువారు తిరిగి తీసికొందురని ఆలోచన సాగుచుండెను. కావలిపని చేయుటకు ఇక తహశీల్దారు క్రింది బంట్రోతులు ఉన్నారు గనుక, ఈ పాతవారికి భూమి దేనికని కుంఫిణీవారి లెక్క. లెక్కకు లెక్క సరియే. కాని తాతల కాలమునుండి ఆ చేను దున్నుకొనుచున్న వడ్డెవానికి, బోయవానికి ఆ మాట చెవిని పడినప్పుడు ఎట్లుండునో ఆలోచించుడి. అదుల్లాము గుహలో దావీదునొద్దకు ఇబ్బందిలో ఉన్నవారు, అప్పులపాలైనవారు, మనస్సు చేదైనవారు వచ్చి చేరినట్లుగా, వీరందరు నరసింహారెడ్డియొద్దకు చేరిరి. వారిలో వడ్డె ఓబన్న ముఖ్యుడు. నరసింహారెడ్డి దావీదు కాడు, నేను ఆ పోలిక అంతకంటె సాగదీయను. రాజు తన చేతికి చిక్కినప్పుడు దావీదు వస్త్రపు చెంగు మాత్రము కోసి విడిచెను. ఇతడు అట్లు విడువలేదు.

ఇక్కడ కొంచెము ఆగి లోకము చూతము. ఈ బాధ రేనాటికి మాత్రమే వచ్చినది కాదు. 1839లో మన పొరుగున కర్నూలు నవాబు గులాము రసూలుఖాను రహస్యముగా ఆయుధములు కూర్చుచున్నాడని కుంఫిణీవారు అతనిని గద్దె దించి తిరుచిరాపల్లికి పంపిరి. మరుసటి యేట అక్కడ అతడు హత్య చేయబడెను. అదే 1839లో చీనాదేశమున కాంటను పట్టణములో చక్రవర్తి పంపిన లిన్ అను అధికారి ఆంగ్లవర్తకుల నల్లమందు పెట్టెలు పట్టి పాడుచేయించెను. ఆ నల్లమందు మన దేశములో కుంఫిణీవారు పండించి వేలము వేయించినదే. దానిమీద యుద్ధము వచ్చెను. మద్రాసు సైన్యపు సిపాయీలనుకూడ ఓడలెక్కించి చీనాకు తీసికొనిపోయిరి. 1842లో నాన్‌కింగు సంధితో చీనా చక్రవర్తి హాంకాంగు ద్వీపమును అప్పగించి, రేవులు తెరచి, పరిహారము చెల్లించెను. అంతటితో ఆగలేదు. 1850నుండి 1864వరకు తైపింగువారి తిరుగుబాటులో కోట్లకొలది జనము నశించిరి. ఆ తిరుగుబాటు నాయకుడు హాంగ్ అనువాడు క్రైస్తవ కరపత్రమొకటి చదివి, దానిని తన స్వప్నములతో కలుపుకొని, తాను క్రీస్తునకు తమ్ముడనని చెప్పుకొనెను. వాక్యము తెలిసీ తెలియక పట్టుకొనుట ఎంత అపాయమో అతని కథ వేరుగ వ్రాయదగినది. 1900లో బాక్సరులు పరదేశులమీదను, తమ దేశపు క్రైస్తవులమీదను పడి వేలమందిని చంపిరి. 1912 ఫిబ్రవరిలో ఆరేండ్ల బాలుడైన చివరి చక్రవర్తి పేరట రాజ్యత్యాగ పత్రము వ్రాయబడెను. అక్కడను మంచూ రాజుల జెండాదళముల వారుండిరి, మన కట్టుబడి బంట్లవంటివారు. తాతలనాడు కత్తి పట్టినందుకు మనుమలకు బియ్యము, రొక్కము వచ్చుచుండెను. రాజ్యము పోగానే అదియు పోయి, అనేకులు దిక్కులేనివారైరి.

మనకు తగిలిన సంగతి ఒకటి దాచకూడదు. లండన్ మిషనువారు 1807లో రాబర్టు మారిసన్‌ను కాంటనుకు పంపిరి. ఆ మిషనువారే 1822లో మన కడపకు వచ్చిరి. సువార్త మన యొద్దకు వచ్చిన దారియు, నల్లమందు చీనాకు పోయిన దారియు ఒకే సముద్రపు దారి. మిషనరీలలో అనేకులు నల్లమందును ఖండించిరి, అది వారికి మేలు. అయినను ఊరివాని కంటికి తెల్లదొర తెల్లదొరయే. కచేరీలో కూర్చున్నవాడును, ఆదివారమునాడు ప్రసంగించినవాడును ఒకే జాతివారుగా కనబడిరి. ఈ చిక్కు మన పితరులు చాలకాలము మోసిరి.

ఇక 1846. ఆ సంవత్సరము జూలై నెలలో నరసింహారెడ్డి తన జనముతో కోయిలకుంట్లమీద పడి ఖజానా దోచుకొనెను. తన పింఛను తీసికొనుటకై కనిపెట్టవలసిన ఖజానా అదియే. ఆ తహశీల్దారు తన్ను అవమానపరచి మాటలాడెనని రేనాటి పాటలు చెప్పును. అక్కడనుండి మిట్టపల్లె దగ్గర వెంబడించిన అధికారులలో కొందరిని చంపిరి. రుద్రవరము దోచిరి. హైదరాబాదులోను, కర్నూలులోను ఉన్న తనవంటి పింఛనుదార్లు తనకు తోడుగా నున్నారని ఆయన చెప్పుకొనెను. ఊరూర రైతులు వచ్చి చేరగా గుంపు 5,000 వరకు పెరిగెనని దొరతనమువారి లెక్క.

అయిదువేలమంది అనగానే సైన్యమని తలంచుదుము. వీరు సైన్యము కారు. బల్లెములు, వడిసెలలు, కొన్ని నాటు తుపాకులు పట్టుకొన్న సేద్యగాండ్రు. జూలైలో చేను దున్నవలసినవారు. కడపనుండి, కర్నూలునుండి దళములు వచ్చి చుట్టుముట్టినప్పుడు, వరుసకట్టి కాల్చు సిపాయీల యెదుట వీరు నిలువలేకపోయిరి. సుమారు 200 మంది అక్కడ పడిపోయిరి. వారి పేర్లు పాటలలోను లేవు, కచేరీ కాగితములలోను లేవు. ఇంటికి రాని కాపుకై, వడ్డెకై ఆ సాయంకాలము దీపము పెట్టి కూర్చున్న ఆడవారు ఎన్ని ఊళ్ళలో ఉండిరో! మిగిలినవారు గిద్దలూరు దిక్కునకు త్రోవ చేసికొనిపోయిరి. నరసింహారెడ్డి కుటుంబము ఆ ప్రక్కనే కొత్తకోటలో ఉండెను.

గిద్దలూరు దగ్గర లెఫ్టినెంటు వాట్సను అను అధికారితో మరల పోరు జరిగెను. అక్కడనే కంభము తహశీల్దారు చంపబడెను. ఆ తహశీల్దారు తెల్లవాడు కాడు. పింఛను ఇవ్వవద్దనినవాడు కాడు, ఇనాములు తీసివేయ సంకల్పించినవాడును కాడు. పై ఉత్తరువు క్రిందికి మోసినవాడు. తిరుగుబాటులో ఎప్పుడును ముందు చేతికి దొరకునది అట్టివాడే. లండనులోని పెద్దలకు ఆ బల్లెపు మొన తగులదు. నరసింహారెడ్డిని పొగడువారు ఈ హత్యను త్వరగా దాటిపోవుదురు. నేను దాటలేను. అతనికిని ఇల్లుండెను.

తన వారిని వెంటబెట్టుకొని నరసింహారెడ్డి నల్లమలలో ప్రవేశించెను. నల్లమల సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. వానకాలములో వాగులు పొంగును, చలిజ్వరము పట్టును, చెంచువాడు దారి చూపనిదే కొత్తవానికి దారి దొరకదు. ఒకప్పుడు నల్లమలలోను, ఒకప్పుడు కోయిలకుంట్ల ప్రక్కన ఎఱ్ఱమలలోని పాత కొండకోటలలోను దాగుచు ఆయన నెలలు గడిపెను. మన్రో కాలములో పాడుపెట్టిన ఆ కోటలే, గోడలు కూలియున్నను, నలువది యేండ్ల తరువాత ఆ పాళెగాని మనుమనికి చోటిచ్చెను. దొరతనమువారు ఆయన జాడ చెప్పినవారికి బహుమానము ప్రకటించిరి. ఊరూర కరణమును, రెడ్డిని పిలిచి విచారించిరి. ఆయనకు జొన్నరొట్టె ఇచ్చినవాడును నేరస్థుడే, ఆయన వచ్చెనని చెప్పనివాడును నేరస్థుడే. ఇవ్వకపోయిన తిరుగుబాటుదారుల భయము, ఇచ్చిన దొరల భయము. బీదవాని సంగతి ఎప్పుడును ఇంతే.

1846 అక్టోబరు నెలలో కోయిలకుంట్ల తాలూకా పేరుసోముల దగ్గరి కొండమీద ఆయనను చుట్టుముట్టిరి. నమ్మినవారే పట్టిచ్చిరని జనము చెప్పుకొందురు. ఆ చివరి పోరులో 40, 50 మంది చనిపోగా, 90 మంది దొరికిరి. దొరికినవారిలో నరసింహారెడ్డి ఒకడు.

తరువాత విచారణ. ఇక్కడ అంకెలు చూడవలెను. సుమారు 1,000 మందిమీద నేరము మోపి పట్టుటకు పూనుకొనిరి. వారిలో 412 మందిని ఏమియు లేదని విడిచిపెట్టిరి. 273 మందిని జామీనుమీద వదలిరి. 112 మందికి శిక్ష విధించిరి. విడువబడిన ఆ 412 మంది ఏమీ చేయనివారే గదా! వారు సంకెళ్ళలో ఉన్నంతకాలము వారి చేలు ఎవరు దున్నిరి, వారి శిస్తు ఎవరు కట్టిరి? కచేరీ లెక్కలలో విడిచిపెట్టుట ఒక్క మాట. ఊరిలో అది ఒక సంవత్సరపు పంట.

నరసింహారెడ్డికి మరణశిక్ష పడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీని, కడప కలెక్టరు కాక్రేన్ ఎదుట, రెండువేలకు మించిన జనము చూచుచుండగా, కోయిలకుంట్లలో ఆయనను ఉరితీసిరి. ఇంతవరకు చట్టము. రాజద్రోహము చేసి, అధికారిని చంపినవానికి ఆ కాలమున ఏ రాజ్యములోనైనను ఇదే శిక్ష.

అయితే వారు అంతటితో తృప్తిపడలేదు. ఆయన తలను కోయిలకుంట్ల కోటలో ఉరికంబమునకు వ్రేలాడదీసి, దానిని దించక అట్లే యుంచిరి. ఒక దినము కాదు, ఒక నెల కాదు. 1877వరకు, ముప్పది యేండ్లు.

సహోదరులారా, పైన చూపిన ద్వితీయోపదేశకాండ వచనములు తీసి చదువుడి. మరణశిక్షకు తగిన పాపము చేసి మ్రానుమీద వ్రేలాడదీయబడినవాని శవము రాత్రి అంతయు అక్కడ నిలువకూడదనియు, ఆ దినముననే పాతిపెట్టవలెననియు మోషే ధర్మశాస్త్రము విధించుచున్నది. వ్రేలాడినవాడు నీతిమంతుడైనయెడల అని దానిలో షరతు లేదు, నేరస్థునిగూర్చియే ఆ ఆజ్ఞ. యెహోషువ హాయి రాజును, తరువాత అయిదుగురు కనాను రాజులను చంపించి మ్రానులమీద వ్రేలాడదీసినను, ప్రొద్దు గ్రుంకుచుండగా దింపించెను. వారు శత్రువులు, అన్యజనులు. అయినను ప్రొద్దు గ్రుంకగానే దింపించెను. కోయిలకుంట్లలో ముప్పది యేండ్లలో ఎన్ని ప్రొద్దులు గ్రుంకెనో లెక్క చూచుకొనుడి, పదివేలకు పైబడును. ఆ కాలమంతయు కడపలో ఆరాధనలు జరిగెను. దొరలు ఆదివారమున దేవాలయమునకు పోయిరి. ఈ అధ్యాయము వారి బైబిలులోను ఉన్నది. దాని సంగతి అధికారులతో గట్టిగా ఎవరైనను మాటలాడిరని నేను ఎక్కడను చదువలేదు. నా మట్టుకు నాకు, ఆ కథలో ఉరికంటె ఈ ముప్పది యేండ్లే ఎక్కువ నొప్పి కలిగించుచున్నవి.

రిస్పా అను స్త్రీ జ్ఞాపకము వచ్చుచున్నది. ఉరితీయబడిన తన కుమారులయొద్ద బండమీద గోనెపట్ట పరచుకొని, కోతకాలము మొదలుకొని వాన కురియువరకు, పగలు పక్షులను, రాత్రి మృగములను వారి శవములమీద వాలనియ్యక కాచెను. అది విని దావీదు ఆ యెముకలను ఏరించి పాతిపెట్టించెను. రాజు మనస్సు కరగుటకు ఒక తల్లి చాలెను. కోయిలకుంట్ల సంతకు పోవు స్త్రీలు ముప్పది యేండ్లు ఆ తలవైపు చూచి కొంగు అడ్డము పెట్టుకొని పోయియుందురు. కాని వారి మాట వినుటకు అక్కడ రాజు లేడు, మద్రాసులో ఒక కచేరీ యుండెను.

ఆ తల అక్కడ వ్రేలాడుచుండగానే లోకము మారెను. 1857లో ఉత్తరదేశమున సిపాయీలు తిరుగబడిరి. 1858లో కుంఫిణీ రాజ్యము ముగిసి, రాణిగారి దొరతనము వచ్చెను. ఆ యేటనే మద్రాసు రాజధానిలో ఇనాము కమిషను ఏర్పడెను. ఇనాముదార్ల హక్కు విచారించి, స్వల్పమైన చీటిశిస్తు వేసి, ఆ భూములను వారికే స్థిరపరచి పట్టాలిచ్చుటకు దారి చూపెను. పనియు పోనిమ్ము, భూమి మాత్రము నీయొద్దనే యుండనిమ్మని చెప్పుట సాధ్యమేనని అప్పుడు తెలిసెను. పండ్రెండేండ్లకు ముందు ఈ ఒక్క మాట కట్టుబడి బంట్లతో చెప్పియుండిన, కుందూ గట్టున పడిపోయిన సేద్యగాండ్రలో ఎందరు ఆ యేటి జొన్న కోసికొందురో! 1859లో క్రొత్త పోలీసు చట్టమును వచ్చెను. ఊరి కావలి బల్లెము పోయి, టోపీ లాఠీ వచ్చెను.

1866లో కరువు వచ్చెను. ఆ కరువులో ఉయ్యాలవాడనుండియే మరియొక రెడ్డి పేరు పైకి వచ్చినది. బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరచి, కులము విచారింపక, నెలల తరబడి వేలమందికి అంబలి, అన్నము పోయించెను. విక్టోరియా రాణిగారు ఆయనకు బంగారు పతకము పంపిరి. ఒకే ఊరు, ఇరువది యేండ్ల యెడము. ఒకరి తల కోటలో, మరియొకరి మెడలో పతకము. రేనాటివారు మాత్రము ఈ ఇద్దరిలో ఎవరిని విడువలేదు. ఇద్దరిమీదను పాటలు కట్టుకొని పాడిరి. తంగిరాల వెంకటసుబ్బారావుగారు ఆ పాటలను పోగుచేసి, ఇద్దరిని రేనాటి సూర్యచంద్రులని పిలిచి గ్రంథము వ్రాసిరి.

1876లో ధాత కరువు పట్టెను. రెండేండ్లు వానలు లేవు. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయినవి. దారుల ప్రక్కన పడినవారిని పాతిపెట్టుటకు మనుష్యులు చాలలేదు. ఆ కరువులో 1877వ సంవత్సరమున, కోయిలకుంట్ల కోటలో ముప్పది యేండ్లు వ్రేలాడిన తల లేకుండ పోయెను.